ఒక సెంటు పచ్చిక తీసేస్తే ఆ పెళ్లలను ఏం చేయాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. విజయనగరంలో మీ ఇంటి ముందు ఆరేళ్ల కిందట వేయించిన ఒక సెంటు పచ్చికను కారు షెడ్డు కోసం తీసేయవలసి వచ్చింది. నర్సరీవారు దాన్ని మెక్సికన్ గడ్డి అని ఇచ్చారు గాని, ఇప్పుడు సగానికి పైగా గరిక కలిసిపోయింది, ఒక మూల తుంగ కూడా పడింది. మేస్త్రి ట్రాక్టరు ట్రక్కుకు ఎత్తించి ఊరి బయట పారబోయిస్తానంటున్నారు. మీకు మాత్రం గజపతినగరం దగ్గర మీ నాన్నగారి ఇంటి పెరట్లో మళ్లీ పరవడానికో, మిద్దె మీది కుండీలకు మట్టిగానో అది పనికొస్తుందేమోనని ఉంది. రోహిణి కార్తె నడుస్తోంది, పని ఈ వారమే మొదలు కావాలి. శ్రీకాకుళంలో ముప్పై ఏళ్లకు పైగా బడుల ఆవరణల్లో, ఆఫీసుల ముందు, ఇళ్ల దొడ్లలో పచ్చికలు పరవడమూ పెకలించడమూ వృత్తిగా చేసినవాణ్ణి కనుక, నేను చేసి చూసినంత మేరకు వివరంగా చెబుతాను. పారబోయించకండి. అలాగని మొత్తాన్ని ఒకే పనికి వాడాలనీ చూడకండి.

ముందు పరిమాణం సంగతి. ఒక సెంటు పచ్చిక తీస్తే ఎంత సరుకు పోగుపడుతుందో చాలామంది ఊహించరు. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు; వేర్లతో సహా అంగుళంన్నర మందాన చెక్కితే దాదాపు 54 ఘనపుటడుగులు అవుతుంది. ఇసుక తోలేవారి లెక్కలో నూరు ఘనపుటడుగులు ఒక యూనిట్ కాబట్టి ఇది అర యూనిట్ కంటే కాస్త ఎక్కువ. తడి మీద రెండు టన్నుల వరకు తూగుతుంది. ఆ బరువులో గడ్డి వంతు చాలా తక్కువ, తక్కినదంతా మట్టి. అదీ మామూలు మట్టి కాదు. ఆరేళ్లుగా వేర్లు పుట్టి, చచ్చి, వానపాములు తిరిగి, మీరు ఏటా చల్లిన గత్తం (పశువుల పెంట ఎరువు) ఇంకి గుల్లబారిన పైమట్టి. విజయనగరం చుట్టుపక్కల ఎర్ర నేలలు వాన వెలిసిన నాలుగు రోజులకే బిగుసుకుపోతాయని మీకు తెలిసిందే. అలాంటి చోట ఈ మట్టి చేతిలో పొడిపొడిగా రాలుతుందంటే దానికి పచ్చిక వేర్లే కారణం. పారబోయించడానికి ట్రక్కు కిరాయి ఒకసారి, కుండీలకు మట్టి కొనడానికి మరొకసారి డబ్బు పెట్టిన ఇళ్లను నేను చాలానే చూశాను. కాబట్టి మీ చేతికి వస్తున్నది ప్రధానంగా మట్టి అనుకోండి; బతికి ఉన్న గడ్డి దాని మీద వచ్చే కొసరు.

ఇలాంటి పెళ్లలను ఏం చేయాలని వెతికితే పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ దొరికే జవాబు ఒకటే: పచ్చని వైపు కిందికి, వేర్ల వైపు పైకి ఉండేలా తిరగేసి దొంతరగా పేర్చి వదిలేయండి, కొంతకాలానికి చక్కని మట్టి అవుతుంది. ఆ సలహా తప్పు కాదు. కానీ అది ఇంగ్లండు వంటి చల్లని దేశాల పచ్చికను చూసి చెప్పిన సలహా. అక్కడి పచ్చికల్లో ఉండే రై గడ్డి, ఫెస్క్యూ వంటివి చాలావరకు దుబ్బు కట్టి పెరుగుతాయి. వెలుతురు అందకుండా తిరగేస్తే కుళ్లి మట్టిలో కలిసిపోతాయి. మన గరిక స్వభావం వేరు. దానికి నేల మీద పాకే తీగలూ ఉన్నాయి, నేల లోపల పాకే కాండాలూ ఉన్నాయి; కణుపు ఉన్న ప్రతి ముక్కా ఒక మొక్క కాగలదు. మెక్సికన్, కొరియన్ అన్న పేర్లతో అమ్మే సన్నాకు గడ్డి కూడా ఇలాగే పాకుతుంది గాని, గరికంత వేగం దానికి లేదు. పచ్చి గరిక పెళ్లలను తిరగేసి పేర్చి, పైన ఏమీ కప్పకుండా వానకు వదిలితే, రెండు నెలల్లో ఆ దొంతర పక్కల నుంచీ పై నుంచీ మళ్లీ పచ్చగా మొలుస్తుంది. ఇక తుంగ ఉన్న పెళ్లను తిరగేసి పేర్చడమంటే దానికి మెత్తని మడి సిద్ధం చేసి ఇవ్వడమే.

అందువల్ల పార పట్టకముందే చేయవలసిన పని వేరు చేయడం. ఒక ఉదయం కూర్చుని పచ్చికనంతా పరిశీలించండి. తుంగను గుర్తించడానికి ఆకును చూసి మోసపోవద్దు. కాడను రెండు వేళ్ల మధ్య తిప్పండి, గరిక కాడ గుండ్రంగా తగులుతుంది, తుంగ పూకాడ మూడు పలకలుగా తగులుతుంది. అనుమానం ఉన్నచోట జానెడు లోతున తవ్వి చూస్తే నల్లని గడ్డలు దారానికి గుచ్చినట్టు వరుసగా కనిపిస్తాయి. చిదిమితే భద్రముస్తెల వాసన వస్తుంది. తుంగ కనిపించిన చోటు చుట్టూ ముగ్గుపిండితో గీత గీయండి; ఆ గీతకు బయట మరో రెండడుగులు వదిలి ఇంకో గీత గీయండి. నేల మీద తుంగ కనిపించే హద్దు కంటే నేల లోపల దాని హద్దు ఎప్పుడూ పెద్దదే. రెండో గీతకు లోపలిదంతా ఒక తరగతి, బయటిదంతా మరో తరగతి. ఈ రెండింటినీ ఒకే రోజు, ఒకే గంపతో, ఒకే కుప్పలోకి మోయనివ్వకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి నా సొంత అనుభవం కారణం. వృత్తిలో కొత్తగా ఉన్న రోజుల్లో ఒకరి ఇంటి పచ్చిక పెకలించి, ఆ పెళ్లలను మా దొడ్లో వంగ మడి అడుగున తిరగేసి పరిచి, పైన జానెడు మట్టి, గత్తం వేశాను. ఆ పెళ్లల్లో తుంగ ఉందని తెలుసు. అంత లోతున పడితే చచ్చిపోతుందిలే అనుకున్నాను. నారు నాటిన మూడు వారాలకే మడి నిండా తుంగ మొలిచింది. నల్ల ప్లాస్టిక్ షీటు కప్పి చూశాను. ఆ మొలకల కొనలు సూదుల్లా ఉంటాయి, షీటును చీల్చుకుని పైకి వచ్చాయి. పక్క మడిలో వేసిన కంద గడ్డలను తవ్వి తీస్తే కొన్నింటిలోకి తుంగ మొలకలు దూసుకుపోయి ఉన్నాయి. మూడేళ్లు ప్రతి వానాకాలం బొరిగెతో కూర్చోవలసి వచ్చింది. చేతితో పీకినప్పుడల్లా కాడ తెగి వస్తుంది, గడ్డ లోపలే ఉండిపోతుంది, ఆ గడ్డ మళ్లీ మొలకెత్తుతుంది. ఆ మడిని చివరికి నేను గెలిచానో, వదిలేశానో ఇప్పటికీ చెప్పలేను. అక్కడ అరటి పెట్టేశాం.

ఇప్పుడు కాలం సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు. బతికి ఉన్న పచ్చికను తీసి మరోచోట పరవడానికి ఇది ఏడాది మొత్తంలో చెడ్డ కాలం. తుంగను చంపడానికి మాత్రం ఇంతకంటే మంచి కాలం లేదు. అందుకని మీ మేస్త్రితో మాట్లాడి పనిని రెండు విడతలు చేయించండి. తుంగ మూలను ఈ వారమే తీయించండి. శుభ్రంగా ఉన్న భాగాన్ని మృగశిర ప్రవేశించి, నేల తడిసేలా ఒకటి రెండు వానలు పడ్డాక తీయించండి. మన ప్రాంతానికి నైరుతి వానలు మామూలుగా జూన్ రెండో వారం ప్రాంతంలో వస్తాయి. షెడ్డు స్తంభాల గోతులు, ఇనుము కట్టడం వంటి పనులు ఈ లోగా సాగుతూనే ఉంటాయి కాబట్టి మేస్త్రికి పెద్ద ఇబ్బంది ఉండదు. ఆగడం ఏ మాత్రం కుదరదంటే, శుభ్రమైన పెళ్లలను మళ్లీ పరిచే ఆలోచన మానుకుని మట్టికే కేటాయించండి. ఎండలో పరిచి, రోజుకు నాలుగుసార్లు తడిపి బతికించడానికి అయ్యే నీటి ఖర్చుకూ శ్రమకూ తగిన ఫలితం ఉండదు.

తుంగ మూల పెళ్లలను తీసేటప్పుడు అంగుళంన్నరతో ఆగకుండా కనీసం జానెడు, వీలైతే అడుగు లోతు వరకు మట్టితో సహా తీయించండి. దాన్ని సిమెంటు చప్టా మీద గాని, టార్పాలిన్ మీద గాని రెండంగుళాల మందానికి మించకుండా ఎండబోయండి. పెళ్లలను కర్రతో కొట్టి పగలగొట్టాలి. మట్టిముద్ద లోపల దాగిన గడ్డ ఎండదు. రోజూ ఒకసారి ఆరబోసిన ధాన్యాన్ని తిప్పినట్టు తిప్పుతూ, రెండు వారాలకు తగ్గకుండా ఎండనివ్వండి. తుంగ గడ్డకు చీకటి, లోతు, కోత ఏవీ లెక్క కాదు గాని, నీరు పూర్తిగా ఆరిపోతే మాత్రం చస్తుంది. మధ్యలో సాయంత్రపు గాలివాన వస్తే కప్పి ఉంచండి; ఒక్కసారి తడిసినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఎండిన మట్టిని పావంగుళం కన్నుల జల్లెడతో జల్లించి, మిగిలిన గడ్డలను పొయ్యిలో వేయండి. మేస్త్రి దగ్గర ఇసుక జల్లెడ ఉంటుంది గాని దాని కన్నులు పెద్దవి, చిన్న గడ్డలు జారిపోతాయి. ఇంత చేసినా ఆ మట్టిని కూరగాయలకు మొదటి ఏడాది వాడవద్దనే నా మాట. గేటు పక్క పెద్ద పూలకుండీల వంటి, కంటికి ఎదురుగా ఉండి మొలక కనిపించిన వెంటనే తవ్వి తీయగలిగే చోట వాడండి.

మేస్త్రులు చేసే ఒక పొరపాటు ఇక్కడే చెప్పాలి. ట్రక్కు కిరాయి ఎందుకని పెళ్లలను షెడ్డు గచ్చు కిందే గోతిలో వేసి, పైన గ్రావెలు పోసి దిమ్మిస వేసేస్తారు. గడ్డి, వేర్లు కుళ్లిన కొద్దీ అక్కడి నేల కుంగుతుంది, కారు బరువుకు గచ్చు బీట వారుతుంది. తుంగ గడ్డలు ఉంటే పేవర్ రాళ్ల సందుల్లోంచి మొలకలు వస్తాయి. గచ్చు కిందికి గట్టి గ్రావెలే వెళ్లాలి. ప్రాణం ఉన్న మట్టి, పచ్చి పదార్థం వెళ్లకూడదు. అదే మాట మీద మరొకటి: పచ్చిక తీశాక షెడ్డు కోసం ఇంకా నాలుగైదు అంగుళాలు తవ్వుతారు కదా, ఆ మట్టి కూడా మంచి పైమట్టే. కంకర చిప్స్, సిమెంటు దిగకముందే దాన్ని విడిగా ఓ మూలకు చేర్పించుకోండి. ఒకసారి కంకరలో కలిసిందంటే దాన్ని ఏరడం ఎవరి తరమూ కాదు.

శుభ్రమైన భాగాన్ని తీయడానికి ముందు రోజు సాయంత్రం బాగా తడపండి. బురద కాకూడదు, పార దిగేటంత మెత్తబడితే చాలు. గడ్డిని అంగుళం ఎత్తుకు కత్తిరించి, తాడు పట్టి అడుగు వెడల్పు చారలుగా, రెండడుగులకు ఒక ముక్కగా పదునైన పారతో నిలువునా గాట్లు పెట్టండి. ఆ తర్వాత దోకుడుపారను నేలకు దాదాపు సమాంతరంగా అంగుళంన్నర లోతున తోసుకుంటూ పోతే చాపలా లేచి వస్తుంది. మందం ఎక్కువైతే బరువు, తక్కువైతే వేర్లు తెగిపోయి పెళ్ల విరిగిపోతుంది. తీసిన పెళ్లలను పచ్చకు పచ్చ, వేరుకు వేరు ఎదురుగా ఉండేలా జతలుగా పేర్చి, తడి గోనె సంచులు కప్పి, నీడలో ఉంచండి. నాలుగైదు వరుసలకు మించి ఎత్తు వద్దు. పచ్చి గడ్డి దొంతర లోపల వేడెక్కి ఒక్క రోజులో పసుపుబారుతుంది. తెల్లవారుజామున తీసి, అదే రోజు సాయంత్రానికి గజపతినగరంలో పరచడం ముగించేలా మనుషులను కుదుర్చుకోండి. మరుసటి రోజుకు వాయిదా వేసిన పచ్చిక సగమే బతికిన సందర్భాలు నాకు బాగా గుర్తున్నాయి.

అక్కడ నేలను ముందుగానే సిద్ధం చేసి ఉంచాలి. ఆరంగుళాల లోతు తవ్వి, రాళ్లు, పాత వేర్లు ఏరి, చివికిన గత్తం కలిపి, ఇంటి గోడ వైపు నుంచి బయటికి కొద్దిపాటి వాలు ఉండేలా చదును చేసి, ఒకసారి తడిపి కుంగనివ్వండి. పెళ్లలను ఇటుకల కట్టుబడిలా అతుకు మీద అతుకు పడకుండా, ఒకదానికొకటి ఒత్తి పరచండి. పలక వేసి దాని మీద నిలబడి నొక్కండి; అడుగున గాలి సందు ఉన్నచోట వేరు దిగదు, పైన పచ్చగా కనిపిస్తూనే వారానికి గడ్డి మాడిపోతుంది. సందుల్లో జల్లించిన మట్టి, ఇసుక సమంగా కలిపి పోసి, చీపురుతో ఊడ్చినట్టు సర్దండి. వాన లేని రోజుల్లో మొదటి వారం ఉదయం సాయంత్రం తడపాలి. పది పన్నెండు రోజుల తర్వాత ఒక మూల పట్టి మెల్లగా ఎత్తి చూడండి. లేవకపోతే వేరు దిగిందని అర్థం. అప్పటిదాకా దాని మీద నడవవద్దు, కత్తిరించవద్దు. మొదటి కోతలో ఆకు ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు.

మీ నాన్నగారి పెరట్లో మామిడి చెట్టు కింద పరవాలన్న ఆలోచన ఉందని రాశారు. దయచేసి అది మానుకోండి. గరికకు రోజులో కనీసం ఆరు గంటల నేరుటెండ కావాలి. మామిడి నీడలో ఆరు నెలలు పలచబడుతూ ఉండి, ఆ తర్వాత ఉత్త నేల మిగులుతుంది. అక్కడ రాలిన ఆకునే ఉండనివ్వడం చెట్టుకూ మంచిది, మీకూ శ్రమ తక్కువ.

ఎండ తగిలే జాగా మీ దగ్గర ఉన్న పచ్చిక కంటే ఎక్కువైతే ఇంకో దారి ఉంది. చదరపు అడుగు పెళ్లను మూడంగుళాల ముక్కలుగా కోస్తే పదహారు వస్తాయి. వాటిని ఒక ముక్క నడిమి నుంచి పక్క ముక్క నడిమికి తొమ్మిది అంగుళాలు ఉండేలా నాటితే తొమ్మిది చదరపు అడుగులకు సరిపోతాయి. వానాకాలం ముగిసేలోపు గరిక ఆ సందులను కప్పేస్తుంది. మెక్సికన్ రకమైతే మరింత ఓపిక పట్టాలి. ఇంతకంటే చవకైన పాత పద్ధతి, నాకు ఎంతో ఇష్టమైనది, అలికే పద్ధతి. పెళ్లల నుంచి గరికను దులిపి, రెండంగుళాల ముక్కలుగా నరికి, రెండు గంపల గడ్డి ముక్కలకు ఒక గంప మట్టి, ఒక గంప పచ్చి పేడ, ఓ పారెడు బూడిద చొప్పున వేసి, నీళ్లతో చిక్కగా కలిపి, తడిపి ఉంచిన నేల మీద అంగుళం మందాన అరుగు అలికినట్టు అలకాలి. పైన పలచగా మట్టి చల్లి, తడి ఆరకుండా చూసుకుంటే రెండు మూడు వారాల్లో మొలకలు వస్తాయి. పాత తోటమాలులు బడి మైదానాలను ఇలాగే పచ్చగా చేసేవారు. దీనికి తుంగ సోకని గడ్డి తప్పనిసరి అని వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మట్టి దొంతర గురించి. మళ్లీ పరచగా మిగిలినవీ, విరిగినవీ, పసుపుబారినవీ అన్నీ దీనిలోకి వస్తాయి. పేర్చే ముందు పెళ్లలను వేర్ల వైపు పైకి పెట్టి నాలుగైదు రోజులు ఎండలో కరకరలాడేలా ఎండబెట్టండి. మన గరిక విషయంలో ఇది తప్పక జరగాల్సిన పని. వానలు పడ్డాక తీసినవాటికి అంత ఎండ దొరక్కపోతే, చీకటి కప్పు మరో రెండు నెలలు ఎక్కువ ఉంచండి. ఇంటి గోడకు దూరంగా, నీరు నిలవని చోట ఇటుక ముక్కలు పరిచి, వాటి మీద పచ్చ వైపు కిందికి ఉండేలా వరుసలు పేర్చండి. ప్రతి రెండు వరుసలకూ చిక్కని పేడ నీళ్లు చల్లండి. మీకు వచ్చే సరుకు మొత్తం దీనికే వాడినా నాలుగడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు దొంతరలో ఇమిడిపోతుంది. వెలుతురు చొరకుండా నల్ల టార్పాలిన్ పక్కల దాకా కప్పి, రాళ్లు పెట్టండి. కొబ్బరి కమ్మలు చాలవు, వాటి సందుల్లోంచి వచ్చే వెలుతురే గరికకు ఎక్కువ. లోపల పూర్తిగా ఎండిపోతే కుళ్లడం ఆగిపోతుంది కాబట్టి నెలకోసారి కప్పు తీసి తడి చూసుకోవాలి. జూన్‌లో పేర్చిన దొంతర మా దగ్గర సంక్రాంతి నాటికి పారతో నిలువునా కోస్తే కేకులా తెగి, చేత్తో నలిపితే రాలిపోయే స్థితికి వస్తుంది. చల్లని దేశాలవారు దీనికి ఏడాది, అంతకు మించి కూడా ఆగుతారు. మన వేడి, మన వానలు ఈ విషయంలో మనకు కలిసొస్తాయి.

గోడకు దూరంగా అనడానికి కారణం చెదలు. దొంతరలో చెద పట్టడం సహజం, అది చచ్చిన వేర్లనే తింటుంది. గోడకు ఆనించి పేరిస్తే మాత్రం మెల్లగా ద్వారబంధాల దాకా దారి వేసుకుంటుంది. ఇంకో జాగ్రత్త: వానాకాలంలో కప్పు ఎత్తేటప్పుడు చేతితో ఎత్తకండి, పొడవాటి కర్రతో ఎత్తి, కాసేపు ఆగి దగ్గరికి వెళ్లండి. వెచ్చగా, పొడిగా ఉన్న చోటును కట్లపాము వదలదు.

కొబ్బరి చెట్లు ఉన్నవారు పురుగు విషయంలో మరింత మెలకువగా ఉండాలి. కొమ్ము పురుగు కుళ్లుతున్న సేంద్రియ పదార్థంలోనే గుడ్లు పెడుతుంది. గత్తం కుప్పలు, కుళ్లిన కొబ్బరి మొద్దులు, ఇలాంటి దొంతరలు అన్నీ దానికి పురిటిళ్లే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. పడిన మొద్దులను తొలగించలేక వదిలేసిన తోటల్లో ఆ తర్వాత ఈ పురుగు బెడదను నేను కళ్లారా చూశాను. కాబట్టి రెండు నెలలకోసారి దొంతరను పారతో తిరగేసి, గోధుమరంగు తలతో, తెల్లగా, బొటనవేలి లావున ముడుచుకుని ఉండే పురుగులను ఏరి కోళ్లకు వేయండి. కొబ్బరి చెట్లు ఎక్కువగా ఉంటే దొంతరలో మెటారైజియం అనే శిలీంధ్రపు పొడి కలపడం మంచి పద్ధతి. మోతాదు మీరు కొన్న పొట్లం మీద ఉన్నట్టే పాటించండి. పురుగు ఏదో తేల్చుకోలేకపోతే సీసాలో వేసి మీ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చూపించవచ్చు. నేనైతే ఆముదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకువెళ్లేవాణ్ణి. పచ్చిక పెళ్లల్లోనే కనిపించే చిన్న వేరుపురుగు వేరే జాతి. దాని పెంకుపురుగులు తొలకరి వానకు లేచి రాత్రిళ్లు వేపాకు తింటాయి. పెళ్లలు తీసేటప్పుడు అవి కనిపిస్తే కాకులే మీకంటే ముందు ఏరేస్తాయి.

మిద్దె మీదికి ఈ మట్టిని నేరుగా నింపవద్దు. పదిహేను అంగుళాల గ్రోబ్యాగులో నలభై లీటర్లకు పైగా మట్టి పడుతుంది. ఉత్త మట్టే అయితే తడి మీద ఒక్కో బ్యాగు అరవై కిలోలు దాటుతుంది, పది బ్యాగులంటే శ్లాబు మీద ఎంత బరువో మీరే లెక్కవేసుకోండి. దొంతర మట్టి ఒక వంతు, చివికిన గత్తం ఒక వంతు, కొబ్బరి పొట్టు ఒక వంతు కలిపితే బరువు తగ్గుతుంది, నీరూ నిలుస్తుంది. కొబ్బరి పొట్టు మన జిల్లాల్లో పీచు తీసే చోట చవకగానే దొరుకుతుంది గాని, పచ్చి పొట్టులో ఉప్పు, చేదు రంగు ఉంటాయి. రెండు మూడుసార్లు మంచినీళ్లలో నానబెట్టి, పిండి వాడాలి. ఈ ఆరేళ్లలో మీరు పచ్చిక మీద కలుపు మందు కొట్టించి ఉంటే, ముఖ్యంగా గత కొన్ని నెలల్లో 2,4-డి వంటిది వాడి ఉంటే, ఆ మట్టిలో టమాటా, మిరప, బెండ పెట్టే ముందు పరీక్ష చేయండి: ఒక కప్పులో ఈ మట్టి, మరో కప్పులో వేరే మంచి మట్టి పోసి, రెండింటిలో నాలుగేసి అలసంద గింజలు నాటండి. మూడు వారాల్లో ఈ మట్టిలోని మొక్కల ఆకులు మెలితిరిగితే ఇంకొన్నాళ్లు ఆగాలి.

దొంతర పెట్టే ఓపిక లేకపోతే, గజపతినగరంలో కొత్తగా మామిడి గాని, కొబ్బరి గాని నాటుతున్నట్లయితే, ఎండబెట్టిన పెళ్లలు గోతుల్లోకి వెళ్లవచ్చు. మూడడుగుల గోతిలో అడుగున రెండు వరుసలు తిరగేసి పరిచి, పారతో ముక్కలు చేసి, పైన పైమట్టి, గత్తం, కొంచెం వేపపిండి కలిపి నింపండి. కుళ్లిన కొద్దీ గోయి కుంగుతుంది. అందుకని చుట్టూ నేల మట్టం కంటే అరడుగు ఎత్తుగా నింపి, రెండు వానలు పడ్డాక మొక్క పెట్టాలి. ఇది ఎర్ర నేలలకూ, ఇసుక నేలలకూ బాగుంటుంది. నీరు నిలిచే పల్లపు జిగట నేల అయితే మాత్రం వద్దు. గాలి ఆడని లోతులో పచ్చి పదార్థం కుళ్లితే దుర్వాసన పుట్టి, లేత వేర్లు నల్లబడతాయి. అలాంటి చోట పై అడుగు మట్టిలోనే కలపాలి.

వాలుగా ఉన్న గట్టు గాని, చిన్న కుంట గట్టు గాని మీ పొలంలో ఉంటే, శుభ్రమైన పెళ్లలకు అంతకంటే మంచి చోటు లేదు. అడ్డంగా పరిచి, ఒక్కో పెళ్లకు రెండేసి వెదురు మేకులు దిగగొట్టండి. అక్టోబరు తుఫాను వానలు వచ్చేలోపు వేరు పట్టి గట్టు కోసుకుపోకుండా నిలబెడుతుంది. వరి మడుల గట్ల మీద మాత్రం ఇది వద్దు. గరిక చేలోకి దిగితే ఇరుగుపొరుగు రైతులు మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు.

చివరగా, వినాయక చవితికి అమ్మగారికి గరిక కావాలని, పచ్చిక పోతే ఎక్కడ వెతకాలని అడిగారు. శుభ్రమైన భాగం నుంచి రెండడుగుల పెళ్ల ఒకటి, గరిక ఒత్తుగా ఉన్నచోటు చూసి కోయండి. అడుగున రంధ్రాలున్న వెడల్పాటి తొట్టెలో నాలుగంగుళాల మట్టి పోసి, దాని మీద ఆ పెళ్లను పచ్చ వైపు పైకి పెట్టి నొక్కి, మిద్దె మీద పూర్తి ఎండలో ఉంచండి. పండుగకు ఇరవై రోజుల ముందు ఒకసారి పొట్టిగా కత్తిరించి, పేడ నీళ్లు పోస్తే ఆ రోజుకు లేత చిగుళ్లు వస్తాయి. తొట్టె అంచు దాటి తీగ బయటికి పాకితే కత్తిరించండి; పక్క కుండీలోకి దిగనివ్వకండి.